కదిలే వంతు

కచేరీ 211

శ్రోతలు: నలభై రెండు. కదిలే వంతు: మంగతాయారు. మూత పడలేదు.

ఈ పుస్తకంలో గాలి సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలో అచ్చేసి ఉంది. ఎనిమిదేళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాను. పై మూడు ముక్కలూ రాసి, సంతకం పెట్టి, పుస్తకం మూసేసేదాన్ని. ఇవాళ కుడి భుజం పీకేస్తోంది, ఒళ్ళు మండుతోంది, కాబట్టి ఇంకొంచెం రాస్తాను. గాలి సంఘం వాళ్ళు చదివితే చదువుకోనీ. ఎనిమిదేళ్ళలో ఒక్కరు కూడా ఈ పుస్తకం తెరిచి చూసిన పాపాన పోలేదు.

నేను మూడో బిలంలో గాలి మేస్త్రిని. చంద్రుడి మీద ఊరంటే పైన ఎక్కడో ఉంటుందనుకుంటారు కొత్తగా దిగినవాళ్ళు. మేమంతా కిందే, రాతి బొరియల్లో ఉంటాం. పొద్దున్నే లేచి పదహారు గదుల జల్లెడలు దులుపుతాను, మూతలకు గ్రీజు పెడతాను, ఎవరి గదిలో గాలి బరువుగా ఉందంటే అక్కడికి వెళ్ళి వాసన చూస్తాను. అది నా ఉద్యోగం, దాని మీద నాకేం ఫిర్యాదు లేదు. నా ఏడుపంతా పాత విత్తనాల గోదాము గురించి.

ఊరు మొత్తానికి ఉన్న రెండు వయోలిన్లూ, వాటి అక్కలాంటి ఒక వయోలా, నిలబెట్టి వాయించే పెద్దపొట్ట చెల్లో ఒకటీ ఆ గోదాములోనే ఉంటాయి. భూమి నుంచి వచ్చిన చెక్క అది. ఇక్కడ చెట్టనేది లేదు కదా, పగిలితే ఇంకోటి రాదు. చెక్క పగలకుండా ఉండేంత తేమ ఆ ఒక్క గదిలోనే ఉంది. విత్తనాలు కొత్త గోదాముకి తరలిపోయాక, మొదటి వయోలిన్ వాయించే విస్సన్నగారు సంఘం వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఆ గది తీసుకున్నారు. పక్షానికోసారి, మధ్యాహ్నం షిఫ్టు దిగాక, నలుగురూ కూర్చుని గంటన్నర వాయిస్తారు. నలభై రెండు కుర్చీలు వేస్తాం. ఒక్కటీ ఖాళీ ఉండదు.

చిక్కంతా తలుపు మీదున్న గాలికన్నుతో. గోదాముల కోసం పెట్టిన కన్ను అది. వెచ్చని ఒళ్ళు కదులుతుంటే లోపల మనిషున్నాడనుకుని గాలి వదులుతుంది. ఏడు నిమిషాలు ఎవరూ కదలకపోతే గది ఖాళీ అనుకుని ధబ్బున గాలి గొట్టం మూత వేసేస్తుంది. దాన్ని మార్చాలంటే ఆ గదిని మనుషుల గది కింద రాయాలి. మనుషుల గదంటే రోజంతా గాలి ఇవ్వాలి. అంత గాలి మా దగ్గర లేదు.

నలభై రెండు మందిలో ఒక్కరైనా కదలరా అని అడుగుతారు. మొదటి రెండేళ్ళూ బ్రహ్మాండంగా కదిలేవాళ్ళు! తొడమీద తాళం వేసేవాళ్ళు, తలలు ఊపేవాళ్ళు, ఆహా అనేవాళ్ళు, భళా అని చెయ్యెత్తేవాళ్ళు. వాళ్ళు తాళం మానేసే రోజొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. కానీ ఈ నాలుగు వాద్యాల సంగీతంలో తాళం చేతికి చిక్కదు. చిక్కిందనుకునేలోపు పక్కకు జారుకుంటుంది. విసుగొచ్చి ఒక్కొక్కరే తాళం వదిలేశారు. తాళం వదిలాక తలలు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు అందరూ గుడ్లప్పగించి, ఊపిరి కూడా పొదుపుగా తీసుకుంటూ కూర్చుంటారు. ఎంత బాగా వాయిస్తే అంత ప్రమాదం. అందుకని వెనక ముక్కాలిపీట మీద కూర్చుని గంటన్నర సేపు విసనకర్ర ఊపడం నా నెత్తిన పడింది.

వాయించేవాళ్ళు కదులుతారు కదా అని కూడా అంటారు. వాళ్ళు కూర్చునేది ఆ చివరి మూలన, స్తంభం వెనక. అక్కడ వాళ్ళు కన్నుకి ఆనరు. మొదటి ఏడాది కన్ను కిందే కూర్చునేవాళ్ళు. పక్కనే ఉన్న గొట్టంలోంచి పొడిగాలి కొట్టి చెల్లో పొట్ట జానెడు పొడవున చీలింది. భూమి నుంచి జిగురు తెప్పించి అతికించడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటినుంచీ ఆ మూలకు పోయారు.

అన్నీ చేసి చూశాం. గుడ్డ ఊపితే కన్ను లెక్కచేయదు, దానికి వెచ్చదనం కావాలి. వేడినీళ్ళ సంచీ తాడుకి కట్టి ఊపాం. తాడు తెగింది. ఇక్కడ వస్తువులు నెమ్మదిగా పడతాయి, పడుతున్నంతసేపూ అందరూ తలెత్తి చూస్తూనే ఉన్నారు తప్ప కింద కూర్చున్న సర్వారాయుడు గారిని లెమ్మని ఒక్కరూ చెప్పలేదు.

రెండు కచేరీల కిందట నాకు జ్వరం వచ్చింది. శ్రోతల్లో ఒకాయన నా బదులు ఊపుతానని పీట ఎక్కాడు. వాయిద్యం మొదలైన కాసేపటికే ఆయన చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది. మూత పడింది. తెరిచే చక్రం బిగుసుకుపోయింది, తలుపు కూడా గాలి లేక పట్టేసింది. నన్ను మంచం మీంచి లేపుకొచ్చి తెరిపించేసరికి లోపల ఇద్దరు స్పృహ తప్పి ఉన్నారు. బతికారు. కానీ గాలి సంఘం పెద్ద రామశేషు గారు మర్నాడే వచ్చి, మూత ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టే మీటరు చూసి, ఒకటే మాట అన్నారు.

"ఇంకొక్కసారి ఈ అంకె మారితే గది విత్తనాలకి వెనక్కి తీసుకుంటాను తాయారమ్మా. కొత్త గోదాములో సగం విత్తనాలకి బూజు పట్టింది. నాకూ గది కావాలి."

ఆయన చెడ్డవాడు కాడు. విత్తనాలు తినేవి, సంగీతం తినేది కాదు. కానీ ఆ గది పోతే ఆ చెక్క ఏడాది బతకదు. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

నాలుగు రోజుల తర్వాత

భుజం ఇక పైకి లేవడం లేదు. మందుల గదిలో అమ్మాయి ఆరు వారాలు చెయ్యి కదపొద్దంది. నవ్వొచ్చింది. నా ఉద్యోగమే కదపడం అని చెప్పాను.

విస్సన్నగారి గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. వంతులు వేద్దామన్నారు ఆయన. శ్రోతల్లోంచి వద్దని నేను ఖచ్చితంగా చెప్పాను. వాళ్ళ మీద నాకు నమ్మకం లేదు.

"మరెవరు చేస్తారమ్మా?" అన్నారు.

"సంగీతమంటే పడనివాళ్ళని వెతుకుతాను. వాళ్ళయితే ఆగరు."

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. చెల్లో వాయించే హైమావతి మాత్రం పకపకా నవ్వింది. "బాగుందక్కా. మా సంగీతం నిలబడాలంటే మేమంటే గిట్టనివాళ్ళు ఉండాలన్నమాట" అంది. హైమ నీళ్ళ వడపోత దగ్గర పనిచేస్తుంది. వేళ్ళు ఎప్పుడూ నానిపోయి ఉంటాయి. ఆ వేళ్ళతోనే తీగలు నొక్కుతుంది.

కచేరీ 212

శ్రోతలు: నలభై రెండు. కదిలే వంతు: గంటి పేరయ్య. మూత పడలేదు.

పేరయ్య మెస్సులో వంటవాడు. ఈ సంగీతాన్ని పిల్లుల పంచాయితీ అని ఊరంతా వినేలా వెక్కిరించేవాడు. అలాంటి మాణిక్యం కోసమే నేను వెతుకుతున్నాను.

"నన్ను కూచోబెట్టండి మేస్త్రిగారూ. చెవిలో దూది కూడా అక్కర్లేదండి. ఆయ్, పనుంటే చాలండి నాకు" అన్నాడు. రెండు బుట్టల చిక్కుడుకాయలు తెచ్చుకుని, గంటన్నర సేపూ ఈనెలు తీస్తూ కూర్చున్నాడు. చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. టక్, టక్ మని చప్పుడు వస్తోందని ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశారు. తిరిగినందుకు సంతోషించాను, అదీ కదలికే.

ఇవాళ హాయిగా ఇంటికి వెళ్ళి పడుకుంటాను.

కచేరీ 213

శ్రోతలు: నలభై రెండు. కదిలే వంతు: పేరయ్య. మూత పడలేదు.

చిక్కుడుకాయలే. చివర్లో పేరయ్య నా దగ్గరికి వచ్చి, "ఆ మధ్యలో కూచునే ఆయన మాటిమాటికీ ఒకే ముక్క వాయిత్తన్నాడు, పాపం మరిచిపోయాడంటారా?" అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. కానీ ఆ ప్రశ్న నాకు నచ్చలేదు.

కచేరీ 214

శ్రోతలు: నలభై రెండు. కదిలే వంతు: పేరయ్య, ఆ తర్వాత నేను. మూత పడలేదు. రెండు నిమిషాల్లో పడేది.

ఇక్కడ పాటల పేర్లెవరికీ తెలియవు. కాగితాల కట్టలుగా వచ్చాయి, పై అట్టలు దారిలోనే పోయాయి. మొదటి కట్ట, రెండో కట్ట అనే పిలుస్తాం. ఇవాళ మూడో కట్ట. అందులో నెమ్మది భాగం వస్తుండగా టక్ టక్ వినిపించడం మానేసింది. చూస్తే పేరయ్య చేతిలో ఒక చిక్కుడుకాయ సగం ఈనెతో అలా నిలిచిపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. నేను గడియారం చూసుకుని ఎడం చేత్తో విసనకర్ర అందుకున్నాను.

అయ్యాక కడిగేశాను. "ఏమయ్యా, పిల్లుల పంచాయితీ అన్నావు కదా?"

"తప్పేనండి. ఏం లేదండి, ఇది ఎక్కడికెళ్తందో చూద్దారని ఆగానండి. ఒక్క చిటికెలో మొదలెట్టేద్దారనే అనుకున్నానండి" అని తల గోక్కున్నాడు. తర్వాత మెల్లగా, "వచ్చే కచేరీకి కుర్చీ ఏమైనా దొరుకుద్దాండి?" అన్నాడు.

చెడిపోయాడు. ఇంకేం చెప్పను.

కచేరీ 215

శ్రోతలు: నలభై రెండు. కదిలే వంతు: సర్వారాయుడు. తర్వాత నేను. మూత పడలేదు.

సర్వారాయుడు గారు ముప్పై ఏళ్ళు రాతి డ్రిల్లు నడిపి చెవులు పోగొట్టుకున్న మనిషి. కచేరీకి వచ్చేది వాళ్ళావిడ కోసం. ఆమె వింటుంటే పక్కన కునుకు తీస్తారు. చెవిటివాణ్ణి సంగీతం ఏం చేస్తుందని ఆయన చేతికి విసనకర్ర ఇచ్చి గోడవారన కూర్చోబెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బుద్ధి తక్కువ పని. ఆయన గోడకి వీపు ఆనించారు. చెల్లో గోడని కూడా వాయిస్తుందని నాకేం తెలుసు? అరగంటకి ఆయన విసనకర్ర కింద పెట్టి, రెండు అరచేతులూ రాతికి ఆనించి, కళ్ళు మూసుకుని ఉండిపోయారు. ముప్పై ఏళ్ళుగా ఆ చేతుల్లోకి రాయి పంపింది మోత ఒక్కటే. పక్కన వాళ్ళావిడ ఆయన్ని చూస్తూ ఏడుస్తోంది. ఆమె కూడా కదలడం లేదు.

నేనే ఊపాను. భుజం నిప్పులా ఉంది.

కచేరీ 216, 217, 218

ముగ్గురు. బడిలో లెక్కలు చెప్పే కనకలింగం గారు, ఎంత వాయిస్తే అంత లెక్కపెట్టుకుంటానని వచ్చి లెక్క తప్పారు. లిఫ్టు నడిపే ఆమె ఊలు అల్లుతూ రెండు కచేరీలు నెగ్గుకొస్తుందనుకున్నాను, ఒకదాని మధ్యలోనే ఆగింది. మూడో ఆయన పేరు రాయను, నన్ను బతిమాలాడు. ఎవరైతే అందరిలోకీ గట్టిగా తిట్టేవాడో ఆయనే.

ఇంకెవరున్నారని విస్సన్నగారు అడిగారు. ఊళ్ళో సంగీతమంటే పడనివాళ్ళు అయిపోయారండీ అని చెప్పాను. ఆయన కళ్ళలో సంతోషం దాచుకోలేకపోయారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. గది పోయాక ఆ సంతోషం ఎక్కడ పెట్టుకుంటారు?

రామశేషు గారు కబురు పంపారు. 220వ కచేరీకి తానే వచ్చి కూర్చుని చూస్తారట. ఆ రోజు మూత పడకపోతే గది వాళ్ళకే వదిలేస్తారు, పడితే మర్నాడే విత్తనాల పెట్టెలు దిగుతాయి. నిదానంగా ఉండే భాగాలు మానేసి హుషారైనవే వాయించొచ్చు కదా అని కూడా అన్నారట.

విస్సన్నగారు ఒప్పుకోలేదు. "అన్నం తీసేసి తాలింపు మాత్రం వడ్డించమంటే ఎలా తాయారమ్మా" అన్నారు. 220కి ఐదో కట్ట పెట్టుకున్నారు. అందులో రెండో భాగాన్ని ఊరంతా పెద్ద నిదానం అంటుంది. పదకొండు నిమిషాలు. మూత పడిన ప్రతిసారీ అక్కడే పడింది.

తిక్క మనుషులు.

కచేరీ 219

శ్రోతలు: నలభై రెండు. కదిలే వంతు: నేను. మూత పడలేదు.

ఎడం చేతికి అలవాటు చేసుకుంటున్నాను. కచేరీ అయ్యాక మూత చుట్టూ గ్రీజు పెడుతుంటే హైమ ఉండిపోయి నిచ్చెన పట్టుకుంది. చెల్లో గోడవారన దాని గూట్లో ఉంది. పొట్ట మీద పాత చీలిక మచ్చ కనిపిస్తోంది.

"అక్కా, ఒకటడుగుతాను, కోప్పడరు కదా?"

"కోప్పడతాను. అడుగు."

"ఎనిమిదేళ్ళుగా ఆ జ్వరం వచ్చిన రోజు తప్ప ఒక్క కచేరీ కూడా మానకుండా వస్తున్నారు. ఎప్పుడైనా విన్నారా?"

నిజంగానే కోపం వచ్చింది. వింటే ఎవరు ఊపుతారన్నాను. నిమిషాలు లెక్కపెడుతూ, మీ కుర్చీలు చూస్తూ, ఎవడి కాలు కదిలింది, ఎవడు దగ్గాడు అని కనిపెడుతూ ఉంటే నాకు చెవులెక్కడివి? మీరు వాయించేది నా వరకు మొదటి నిమిషం, రెండో నిమిషం, మూడో నిమిషం, అంతే. నేను కూడా చెడిపోతే ఇక ఎవరూ మిగలరు. అలా అరిచేశాను.

నేను నిచ్చెన దిగాక హైమ నా చేతి గ్రీజు తన పమిటతో తుడిచింది. పమిట పాడైపోతుందే అంటే, పోతే పోనీ అంది.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. అలిసిపోయాను, అదే నిజం. ఎవరి మీదో కోపం కాదు. నలభై రెండు మందికి ఏదో అందుతోంది, గాలి నేనే ఇస్తున్నాను, నాకు మాత్రం భుజం నొప్పి అందుతోంది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

కచేరీ 220

శ్రోతలు: నలభై రెండు, రామశేషు గారితో కలిపి. కదిలే వంతు: నేను. మూత పడలేదు.

ఉన్నదున్నట్టు రాస్తాను.

రామశేషు గారు మొదటి వరసలో కూర్చున్నారు. రాగానే మీటరు చూసి అంకె చేతి మీద రాసుకున్నారు. ఐదో కట్ట మొదటి భాగం హుషారైనదే, గండం లేదు. పెద్ద నిదానం మొదలైంది. ఎడం చేతిలో విసనకర్ర. నిమిషాలు లెక్కపెడుతున్నాను. ఒకటి. రెండు.

మూడో నిమిషంలో వయోలా ఒక మాటంది. మాటనే రాస్తున్నాను, నాకు వేరే పేరు తెలియదు. రెండో వయోలిన్ దానికి జవాబు చెప్పకుండా అదే మాట ఇంకొంచెం మెల్లగా అంది. మా నాన్న పోయిన రోజు మా ఇంట్లో ఇలాగే మాట్లాడుకున్నారు. అన్నం తిన్నావా అని మా అమ్మ మా పిన్నిని అడిగేది, తినలేదని చెప్పకుండా పిన్ని అదే మాట మా అమ్మని అడిగేది. తిన్నావా, తిన్నావా అని. నేను గుమ్మంలో కూర్చుని విన్నాను. యాభై ఏళ్ళయింది, ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. విస్సన్నగారి వయోలిన్ పైనెక్కడో సన్నగా ఉండి, వాళ్ళ మధ్యలోకి రావాలా వద్దా అన్నట్టు ఆగుతోంది. కింద హైమ చెల్లో ఒక్క పొడుగాటి స్వరం పట్టుకుని ఉంది. ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి కదా, అలా ఉంది.

తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, విసనకర్ర నా ఒళ్ళో ఉంది.

ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. నిమిషాలు ఎక్కడ వదిలేశానో తెలియదు. తలెత్తి మూత వంక చూశాను. మూత తెరిచే ఉంది. దాని కింద, గాలి గొట్టానికి ఎదురుగా, హైమ కూర్చుని ఉంది.

చెల్లోకి కాసేపు పని ఉండని చోటు ఒకటుందట ఆ భాగంలో. అప్పుడు లేచి, ఒక చేత్తో కుర్చీ, ఒక చేత్తో చెల్లో పట్టుకుని, గది ఈ చివరికి వచ్చేసింది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి చప్పుడు కూడా కాలేదు. ముగ్గురు మూలలో వాయిస్తున్నారు, హైమ తలుపు దగ్గర ఒక్కతే వాయిస్తోంది. పొడిగాలికి ఆమె జుట్టు ఎగురుతోంది. ఆమె కమాను చెయ్యి కన్నుకి ఎదురుగా వెళ్ళి వస్తోంది. కుర్చీల్లో ఒక్కరు కూడా అది గమనించినట్టు లేదు.

ఆమె నా వైపే చూస్తోంది.

ఇప్పుడు రాయబోయేది నా తప్పు. అప్పుడైనా నేను విసనకర్ర ఎత్తొచ్చు. ఎత్తి ఉంటే, ఇంకోసారి చెల్లోకి ఖాళీ దొరికినప్పుడు ఆమె మూలకి వెళ్ళిపోయేది. చెక్క బతికేదేమో. నాకు ఆ సంగతి ఆ క్షణంలోనే తెలుసు. అయినా ఎత్తలేదు. ఆ మాట ఏమవుతుందో, ఇద్దరిలో ఒకరైనా తిన్నానని చెబుతారా లేదా అని, అది వినాలనిపించింది. విన్నాను. చివరిదాకా విన్నాను.

ఆఖరి స్వరానికి కొంచెం ముందు టప్ మని చప్పుడైంది. చెక్క చప్పుడు. అందరూ ఉలిక్కిపడ్డారు. హైమ ఆపలేదు, ఆ చీలికతోనే ముగించింది.

రామశేషు గారు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. లేచి మీటరు చూసి, చేతి మీది అంకె చూసుకున్నారు. రెండూ ఒకటే.

"ఆవిడ తలుపు దగ్గరికెప్పుడు వచ్చింది తాయారమ్మా?" అన్నారు.

"మీరు చూడలేదా?"

"లేదు." అరచేత్తో మొహం తుడుచుకున్నారు. "నేను కదిలి ఉండాల్సింది. మర్చిపోయాను."

పుస్తకంలో సంతకం పెట్టారు. గది వాళ్ళదే. వెళ్తూ వెళ్తూ, రేపటినుంచి కొత్త గోదాములో బూజు సంగతి నన్ను చూడమన్నారు. గోడల్లో ఎక్కడో గాలి నిలిచిపోతోందట. నాకింకో పని తగిలింది.

మర్నాడు

బూజు చూసి, అట్నుంచి అటే పాత గోదాముకి వెళ్ళాను. విస్సన్నగారు చెల్లోని ఒళ్ళో పడుకోబెట్టుకుని చీలికలో జిగురు నింపుతున్నారు. పాత మచ్చ పక్కనే కొత్తది. పై నుంచి కింద దాకా పోయింది. హైమ పక్కన కూర్చుని దీపం పట్టుకుంది.

నా చేతకానితనం వల్ల వాళ్ళ వాద్యం పోయిందని చెప్పాలని వెళ్ళాను. నోరు తెరిస్తే తిట్టే వచ్చింది.

"ఏం పని అది హైమా? బుద్ధుందా నీకు? నన్నొక కేక వెయ్యొచ్చుగా! ఒక కుర్చీ తన్నొచ్చుగా!"

"వెయ్యొచ్చక్కా."

"మరి?"

దీపం ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. "ఇన్నేళ్ళుగా మీ విసనకర్ర చప్పుడు వింటూ వాయించానక్కా. నిన్న ఆ చప్పుడు ఆగింది. ఏమైందోనని స్తంభం పక్కనుంచి చూశాను. మీరు వింటున్నారు. లేపడానికి నాకు మనసొప్పలేదు."

నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఈ వయసులో ఎవరి ముందైనా ఏడవడం అదే మొదటిసారి. నేను కూడా చూశానని, చూసి కూడా చెయ్యి ఎత్తలేదని చెప్పేశాను. దాచుకుని ఏం చేసుకోను?

"నాకు తెలుసులెండి. మిమ్మల్నే చూస్తున్నాగా" అంది.

విస్సన్నగారు జిగురు వేలు తుడుచుకుంటూ, అతుకు నిలుస్తుంది కానీ కింది తీగ మీద గరగర వస్తుందన్నారు. మూలలోనే ఉంచి జాగ్రత్తగా వాడుకుంటే చాలా ఏళ్ళు వస్తుందన్నారు.

"మూలలో వద్దు మాస్టారూ" అంది హైమ. "పగలాల్సింది పగిలింది. ఇక దాన్ని దాచి ఏం లాభం? నేను కన్ను కిందే కూచుంటాను. నా చెయ్యి ఎలాగూ ఆగదు. అక్కయ్య ఇంక ఊపక్కర్లేదు."

"ఆ పొడిగాలికి రెండేళ్ళు కూడా ఉండదే తల్లీ. మహా అయితే మూడు."

"ఆ తర్వాత చూద్దాం."

వద్దని నేను ఎంతో చెప్పాను. విస్సన్నగారు కూడా చెప్పారు. నీళ్ళ వడపోత దగ్గర పనిచేసేవాళ్ళకి మొండితనం ఎక్కడినుంచి వస్తుందో నాకు అర్థం కాదు. చివరికి ఆయన తల ఊపి మళ్ళీ జిగురు గిన్నె తీసుకున్నారు. గొట్టం మూతికి ఒక తడిగుడ్డ తెర కడతానని నేను మాటిచ్చాను. ప్రతి కచేరీకీ ముందు దాన్ని తడపాలి. దానివల్ల ఇంకో ఆరు నెలలు కలిసొస్తే అదే పదివేలు.

కచేరీ 221

ఇంటికి వచ్చేసి, భోంచేసి, చెప్పులు విప్పాక గుర్తొచ్చింది, పుస్తకంలో ఏమీ రాయలేదని. ఎనిమిదేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

తడిగుడ్డ బాగానే పనిచేసింది. కింది తీగ మీద గరగర ఉంది, విస్సన్నగారు చెప్పినట్టే. గొంతు జీరపోయిన మనిషి మాట్లాడినట్టుంది. మొదట అందరూ మొహాలు చిట్లించారు, పదో నిమిషానికి మర్చిపోయారు. సర్వారాయుడు గారు గోడ దగ్గరి కుర్చీ అడిగి తీసుకున్నారు. పేరయ్యకి కుర్చీ దొరికింది, చిక్కుడుకాయలు తేలేదు.

నా ముక్కాలిపీట వెనక నుంచి తీసి రెండో వరస చివర వేసుకున్నాను. విసనకర్ర అలవాటు కొద్దీ పట్టుకెళ్ళాను కానీ పీట కింద పడేశాను, ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. మొదటి కట్ట వాయించారు. దాన్ని ఇన్నేళ్ళలో ఇరవైసార్లయినా వాయించి ఉంటారు. అందులో మధ్యలో ఒకచోట నలుగురూ ఒక్కసారిగా ఆగుతారు. ఆగి, ఒక ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెడతారు. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

శ్రోతలు: నలభై మూడు. కదిలే వంతు: హైమావతి. మూత పడలేదు.